కంప్యూటర్ డిగ్రీ అయ్యింది... ఇప్పుడేం చేయాలి?

(హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఫీజు రీయింబర్స్‌మెంట్ లబ్ధిదారులకు, వారి తల్లిదండ్రులకు)

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీటెక్ సీఎస్‌ఈ, బీసీఏ లేదా బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేశారా? పట్టా చేతికొస్తే ఉద్యోగం వచ్చినట్టు కాదు. పాసైన తర్వాత మొదటి ఏడాది చాలా ముఖ్యం. అది ఖాళీగా పోతే, ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అని తప్పకుండా అడుగుతారు.

1. ఉద్యోగాలు ఎక్కడ ఉన్నాయి?

• బెంగళూరు: హిందూపురం నుంచి సుమారు 100 కిలోమీటర్లు. సాఫ్ట్‌వేర్, టెస్టింగ్, టెక్నికల్ సపోర్ట్ పనులు ఎక్కువ. చాలా పెద్ద కంపెనీలు పది, ఇంటర్, డిగ్రీల్లో 60 శాతం మార్కులు అడుగుతాయి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే ముందు క్లియర్ చేసుకోండి.

• మన దగ్గరి ఫ్యాక్టరీలు: పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కార్ల ఉత్పత్తి 2019లో మొదలైంది. ఇలాంటి పెద్ద పరిశ్రమల్లో స్టాకు లెక్కలు, నెట్‌వర్క్, యంత్రాల నియంత్రణ అన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలకే కాదు, వీటికీ దరఖాస్తు చేయండి.

• మగ్గం ఉన్న ఇళ్లు: పట్టుచీర డిజైన్లు ఇప్పుడు కంప్యూటర్‌లోనూ గీస్తున్నారు. ధర్మవరం పిల్లలకు నేత పని ఇంట్లోనే తెలుసు కాబట్టి డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే అదీ ఒక ఉపాధి.

• ప్రభుత్వ ఉద్యోగాలు: 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టులకు కంప్యూటర్ చదువే అర్హత. కానీ నోటిఫికేషన్ వస్తేనే అవకాశం. దాన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి ఆగొద్దు.

2. స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం పేరు నాట్స్. కొత్తగా పాసైన డిగ్రీ, డిప్లొమా వాళ్లు నాట్స్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. శిక్షణ సాధారణంగా ఏడాది. 2019 సవరణలో డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం రూ. 9,000 స్టైపెండ్ పెట్టారు. కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది.

శిక్షణ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన లేదు. అయినా ఏడాది పని చేసిన అనుభవం, సర్టిఫికెట్ మీ వెంట ఉంటాయి.

3. ఇంకా చదవాలనుకుంటే?

బీసీఏ, బీఎస్సీ వాళ్లు ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చు. బీటెక్ వాళ్లు గేట్ రాయవచ్చు. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో సీటొస్తే, అర్హులకు నెలకు రూ. 12,400 స్కాలర్‌షిప్ వస్తుంది.

అప్పు చేసి ఖరీదైన కోర్సులో చేరే ముందు ఎన్‌పీటీఈఎల్, స్వయం పాఠాలు చూడండి. అవి ఫోన్‌లోనే ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

4. ఉద్యోగం కోసం డబ్బు అడిగితే?

ఇవ్వకండి. డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ ఛార్జీ... పేరేదైనా సరే, ముందు డబ్బు కట్టమంటే అనుమానించండి. "బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం", "దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇస్తాం" అనేవాళ్లనూ నమ్మొద్దు. కంపెనీలు వెరిఫికేషన్ చేస్తాయి. దొరికితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. తల్లిదండ్రులూ, ఇలాంటి వాటికి బంగారం కుదువ పెట్టకండి. ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

5. ఈ వారమే చేయాల్సినవి

✔ ప్రొవిజనల్, మార్కుల మెమోలు కాలేజీ నుంచి తెచ్చుకోండి.
✔ ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు ఖాతాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే సరిచేయించుకోండి.
✔ బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ చేయించండి.
✔ నాట్స్‌లో నమోదు అవ్వండి.
✔ మీరే సొంతంగా చేసిన చిన్న ప్రాజెక్టు ఒకటి సిద్ధం చేసుకోండి. మీ ఊరి కిరాణా కొట్టు లెక్కల ప్రోగ్రాం అయినా చాలు. ఇంటర్వ్యూలో దాన్ని చూపించి, ఎలా చేశారో మీ మాటల్లో చెప్పండి.

ఈ సమాచారాన్ని మీతో చదివిన వాళ్లకూ పంపండి.