అక్క పేరు, చెల్లెలి పాట
(ఈ నెల పాఠం: వస్తువు మారితే రూపం ఎందుకు మారాలి?)

క్లాసులో 'వస్తువు – రూపం' పాఠం జరిగినప్పుడల్లా నాకు ఒక సందేహం మిగిలిపోతుంది. ఒక పద్ధతిలో రాసి మంచి పేరు తెచ్చుకున్నవాళ్ళు దాన్ని వదిలేసి ఇంకో పద్ధతిలోకి ఎందుకు వెళ్తారు? చదివేవాళ్ళు మెచ్చుకుంటున్నారు కదా, అలాగే రాస్తే పోలేదా? ఇది ఊరికే వచ్చిన సందేహం కాదు. దీని వెనక నా సొంత ఇబ్బంది ఒకటుంది, అది చివర్లో చెప్తాను. నాకు జవాబు ఒక పాటల ఆల్బమ్‌లో దొరికింది. దాని పేరు 'జేమీ'. పాడింది బ్రిటనీ హోవర్డ్ అనే అమెరికా గాయని. 2019 సెప్టెంబరు 20న విడుదలైంది. ఈసారి దాన్నే పాఠంగా తీసుకుందాం.

1. ముందు పేరు తెచ్చిన బాణీ

బ్రిటనీ 1988లో అలబామా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాన్న నల్లజాతి మనిషి, అమ్మ తెల్లజాతి మనిషి. ఆ రాష్ట్రంలోనే మజిల్ షోల్స్ అనే ఊరుంది. 1960లలో సోల్ సంగీతం రికార్డింగులకి అది పెట్టింది పేరు. అరీతా ఫ్రాంక్లిన్ 1967లో అక్కడ పాడింది. సోల్ అంటే, చర్చి పాటల్లోని ఆవేశమూ బ్లూస్ పాటల్లోని బాధా కలిసి పుట్టిన నల్లజాతివాళ్ళ సంగీతం. గుండె లోతుల్లోంచి గొంతెత్తి పాడటం దాని లక్షణం.

బ్రిటనీ స్నేహితులతో కలిసి 'అలబామా షేక్స్' అనే బృందం పెట్టింది. ఆమె ఇంటింటికీ ఉత్తరాలు పంచే పోస్టు ఉద్యోగం కూడా చేసింది. 2012లో వాళ్ళ మొదటి ఆల్బమ్ 'బాయ్స్ అండ్ గర్ల్స్' వచ్చింది. వింటే 1960ల నాటి రికార్డు విన్నట్టే ఉంటుంది. దీన్నే రెట్రో శైలి అంటారు. రెట్రో అంటే పాతది అని కాదు, ఇప్పటివాళ్ళు కావాలని పాతకాలపు బాణీని ఎంచుకోవడం. ఈ రోజుల్లో ఎవరైనా ప్రబంధ శైలిలో పద్యాలు రాస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట.

2015లో రెండో ఆల్బమ్ 'సౌండ్ అండ్ కలర్' వచ్చింది. అందులోనే బాణీ కొంచెం మారింది, కొత్త ధ్వనులు చేరాయి. అది అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది, 2016లో గ్రామీ అవార్డులు తెచ్చింది. ఇంత పేరు వచ్చాక ఎవరైనా అదే దారిలో మూడోది చేస్తారు. బ్రిటనీ మాత్రం బృందాన్ని పక్కన పెట్టి, ఒక్కతే కూర్చుని రాసుకోవడం మొదలుపెట్టింది.

2. ఆల్బమ్‌కి అక్క పేరు

జేమీ ఆమె అక్క. చెల్లెలికి పియానో వాయించడం, కవితలు రాయడం నేర్పింది ఆ అక్కే. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌తో 1998లో, పదమూడేళ్ళకే చనిపోయింది. బ్రిటనీ అప్పటికి చాలా చిన్నపిల్ల.

ఈ మాట తెలిశాక మనం ఏమనుకుంటాం? ఇది స్మృతికావ్యం అనుకుంటాం. విశ్వనాథ సత్యనారాయణ గారు భార్య పోయాక రాసిన 'వరలక్ష్మీ త్రిశతి' గుర్తొస్తుంది. కానీ ఈ ఆల్బమ్ మొత్తం వెతికినా అక్క చావు గురించిన వర్ణన కనిపించదు. పేరు అక్క జ్ఞాపకార్థమే గాని, పాటలు అక్క గురించి కావు, నా గురించే అని బ్రిటనీ స్వయంగా చెప్పింది. మొదట నాకు ఇది అర్థం కాలేదు. రెండోసారి విన్నప్పుడు అర్థమైంది. అక్క నేర్పిన విద్య ఏమిటి? తన మాట తను రాసుకోవడం. చెల్లెలు నిజంగా తన మాట రాసుకున్నప్పుడే ఆ విద్య సార్థకమైంది. అందుకే పేరు అక్కది, కథ చెల్లెలిది.

3. మూడు పాటలు దగ్గరగా

ఆల్బమ్‌లో మొత్తం పదకొండు పాటలున్నాయి. వాటిలో మూడు చూద్దాం.

'జార్జియా': సోల్ సంగీతం తెలిసినవాళ్ళకి జార్జియా అనగానే రే చార్ల్స్ 1960లో రికార్డు చేసిన పాట, ఆ పేరుగల రాష్ట్రం గుర్తొస్తాయి. బ్రిటనీ పాటలో జార్జియా ఒక అమ్మాయి. తనకంటే పెద్దదైన ఆ అమ్మాయి మీద ఒక చిన్నపిల్లకి కలిగిన ఇష్టం ఆ పాట వస్తువు. పాత సంప్రదాయంలో బాగా నలిగిన పేరునే తీసుకుని, ఎవరూ చెప్పని మాట చెప్పడానికి వాడుకుంది.

'గోట్ హెడ్': ఆమె పసితనంలో జరిగిన సంగతి ఇది. ఎవరో వాళ్ళ నాన్న కారు టైర్లు కోసేసి, వెనక సీట్లో మేక తలకాయ పెట్టి వెళ్ళారు. తెల్లామెని చేసుకున్న నల్లవాడికి అది బెదిరింపు. పాత సోల్ బాణీలో అయితే ఈ వస్తువుకి గొంతు చించుకుని పాడాలి. ఆమెకి ఆ గొంతు ఉంది కూడా. కానీ ఇక్కడ ఆమె అరవదు. మాట్లాడినట్టుగా, ఏమీ అర్థం కాని చిన్నపిల్ల అడిగే ప్రశ్నల్లాగా పాడుతుంది. అందుకే వినేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది.

'షార్ట్ అండ్ స్వీట్': గొంతు, గిటారు, అంతే. బృందం లేదు, హంగు లేదు. పక్కన కూర్చుని మనకొక్కరికే చెప్తున్నట్టు ఉంటుంది.

గమనించారా? ప్రతి పాటకీ రూపం వేరు. మన అలంకారశాస్త్రంలో క్షేమేంద్రుడు ఔచిత్యం గురించి చెప్పింది ఇక్కడ బాగా పనికొస్తుంది. నగ ఎంత మంచిదైనా పెట్టుకోవాల్సిన చోట పెట్టుకుంటేనే అందం. గొంతెత్తి పాడటం బ్రిటనీకి పెద్ద నగ. 'గోట్ హెడ్'లో దాన్ని తీసి పక్కన పెట్టింది.

4. ఏం వదిలింది, ఏం ఉంచుకుంది

అన్నీ వదిలేసిందనుకుంటే పొరపాటు. పాత బృందంలో బేస్ గిటారు వాయించిన జాక్ కాక్రెల్ ఇందులోనూ వాయించాడు. 'సౌండ్ అండ్ కలర్'కి రికార్డింగు పని చేసిన షాన్ ఎవరెట్ దీనికీ చేశాడు. వాళ్ళతోపాటు జాజ్ రంగం నుంచి పియానోకి రాబర్ట్ గ్లాస్పర్, డ్రమ్స్‌కి నేట్ స్మిత్ వచ్చారు. చర్చి కూడా పోలేదు. 'హీ లవ్స్ మీ' పాటలో పాస్టరు గారి ప్రసంగం వినిపిస్తుంది. కాకపోతే, చర్చికి వెళ్ళడం మానేసినా దేవుడు నన్ను ప్రేమిస్తూనే ఉన్నాడు అనే ధీమా ఆ పాటది. ఆమె వదిలింది సంప్రదాయాన్ని కాదు, దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడాన్ని.

మరి వినేవాళ్ళు ఒప్పుకున్నారా? ఈ ఆల్బమ్‌లోని 'స్టే హై' పాటకి 2021లో ఉత్తమ రాక్ పాటగా గ్రామీ వచ్చింది. అయితే అవార్డు వచ్చింది కాబట్టి ఆమె చేసింది సరైనది అని నేననను. రాకపోయినా 'గోట్ హెడ్' అలాగే పాడాల్సిన పాట.

5. ఇక నా సంగతి

పోయినేడు కవితల పోటీలో నాకు బహుమతి వచ్చింది. పెద్ద పెద్ద సమాసాలు వేసి, పాత కవుల ధోరణిలో రాశాను. అందరూ బాగుందన్నారు. మొన్న వేసవిలో మా అమ్మమ్మ పోయింది. ఆమె మీద రాయాలని కూర్చుంటే మళ్ళీ ఆ సమాసాలే వచ్చాయి. రాసింది చదువుకుంటే అందులో ఎవరో మహారాణి ఉంది, మా అమ్మమ్మ లేదు. ఆమె మాటల్లో సగం కన్నడం కలిసేది. కోపమొస్తే కన్నడంలో తిట్టి, ఆ వెంటనే తెలుగులో అన్నం తినమని బతిమాలేది. ఆ మాట కవితలోకి వస్తే తెలుగు మేడమ్ ఏమనుకుంటారో అని నేనే ఆపేశాను. నిజానికి మేడమ్ ఎప్పుడూ వద్దనలేదు.

'జేమీ' విన్నాక ఆ కాగితం మళ్ళీ తీశాను. సమాసాలు నేర్చుకున్నది వృథా కాదు, ఎక్కడ ఆపాలో అవే నేర్పాయి. ఇప్పటికి నాలుగు వరసలు రాశాను. అందులో అమ్మమ్మ గొంతు వినిపిస్తోంది. పూర్తయ్యాక ఇక్కడే అతికిస్తాను.

వినండి – రాయండి

1. 'బాయ్స్ అండ్ గర్ల్స్'లో ఒక పాట, 'జేమీ'లో ఒక పాట వెంటవెంటనే వినండి. గొంతులో ఏం మారిందో అయిదు వాక్యాల్లో రాయండి.
2. పేరు ఒకరిది, కథ ఇంకొకరిది అయిన తెలుగు రచన మీకేదైనా తెలుసా? అలా పేరు పెట్టడంలో ఔచిత్యం ఏమిటి?
3. మీ ఇంట్లోవాళ్ళు వాడే మాట, మీరు ఇప్పటిదాకా కాగితం మీద పెట్టని మాట ఒకటి ఎంచుకోండి. దానితో ఒక చిన్న పేరా రాసి ఈ గోడపత్రిక పెట్టెలో వేయండి.