ఏడుంబావు ఎకరములలో మిగులునదెంత?

1957లో నయాపైసలు చెలామణిలోనికి వచ్చిన పిదప రూపాయల లెక్కలో అణా, బేడల భిన్నములు క్రమముగ తొలగినవి. భూమి లెక్కలో మాత్రము అర, పావు, ముప్పావు నేటికిని మన నోట నిలిచియున్నవి. పూర్ణసంఖ్యయు, భిన్నమును కలిసిన ఇట్టి సంఖ్యలకు మిశ్రమ భిన్నములని పేరు. పంచాయతీ సభ్యులు సంతకము చేయు తీర్మానములలో ఇవి తరచు వచ్చును గనుక ఒక లెక్కను పూర్తిగా చేసి చూపుచున్నాము.

ఒక గ్రామమున 7¼ ఎకరముల ప్రభుత్వ భూమి గలదనుకొందము. అందు పాఠశాలకు 1½ ఎకరము, శ్మశానమునకు 1¼ ఎకరము విడిచి, మిగిలినదానిని ఇల్లులేని పేదలకు కుటుంబమునకు 5 సెంట్ల వంతున ఇచ్చుటకు ప్రతిపాదింపదలచిరి. బాటలకు పోవు స్థలమును, లెక్క సుళువుగా నుండుటకై, ఇందు చేర్చలేదు.

మొదట విడిచిన భూమిని కూడవలెను. అర యనగా రెండు పావులు. 1½, 1¼ కలిపిన 2¾ ఎకరములగును. దీనిని 7¼ నుండి తీసివేయవలెను. ఒక పావులో మూడు పావులు పోవు. కనుక ఏడు ఎకరములలో ఒకదానిని విడగొట్టి నాలుగు పావులు చేయుదము. ఇప్పుడు 6 ఎకరములు, 5 పావులు. అందు 2 ఎకరములు, 3 పావులు పోగా 4 ఎకరములు, 2 పావులు, అనగా 4½ ఎకరములు మిగులును. 450 సెంట్లు, 90 కుటుంబములు.

తొందరపడువారు ఇచ్చటనే తప్పుదురు. ముప్పావులో పావు పోగా అర, ఏడులో రెండు పోగా ఐదు అని తలక్రిందులుగా తీసి, 5½ అని వ్రాయుదురు. ఆ లెక్కన 110 పేర్లు జాబితాకెక్కును. నేలపై లేని ఎకరమునకు ఇరువది కుటుంబములు ఆశతో ఎదురుచూచును. కొలత నాడు వారికి సమాధానము చెప్పవలసినవారు సంతకము చేసిన సభ్యులే.

సరిచూచుకొనుట కష్టము కాదు. 725 సెంట్లలో 275 తీసివేసిన 450. గుంటల వాడుక గల తెలంగాణమున, ఎకరమునకు 40 గుంటల చొప్పున, 290లో 110 పోగా 180 గుంటలు. అదియు నాలుగున్నర ఎకరములే.

మాటలను నమ్మి కూడుటగాని, తీసివేయుటగాని చేయరాదు. "ఈ యేడు వేసిన బాట 2¾ కిలోమీటర్లు, నిరుటికంటె ½ కిలోమీటరు ఎక్కువ. నిరుడెంత?" అన్నప్పుడు "ఎక్కువ" అను మాట విని కూడువారు గలరు. నిరుటిది చిన్నది గనుక తీసివేయవలెను: 2¼ కిలోమీటర్లు. రెండేండ్లకు కలిపి ఎంతయని అడిగిననే కూడవలెను: 5 కిలోమీటర్లు.