వేసవి బడిలో ఒక దినము

పాఠభాగము: లూకా సువార్త 2వ అధ్యాయము, 41 నుండి 52 వరకు.

ఈ భాగమును మీరు అనేకసారులు చదివియున్నారు. పండ్రెండేండ్ల బాలుడు పండుగకు వెళ్లి యెరూషలేములో ఉండిపోయెను. ఒక దినపు ప్రయాణము సాగినదాక తలిదండ్రులకు ఆ సంగతి తెలియలేదు. తుదకు దేవాలయములో కనబడినప్పుడు బాలుడు ఏమి చేయుచుండెను? బోధకుల మధ్య కూర్చుండి, వారి మాటలు వినుచు, వారిని ప్రశ్నలడుగుచు ఉండెను. మన ఆదివారపు బడిలో జవాబు చెప్పిన బిడ్డకు బహుమానమిత్తుము. ప్రశ్న అడిగిన బిడ్డకు ఇచ్చినట్లు నాకు జ్ఞాపకము లేదు.

బిడ్డలు ఇల్లు విడిచి, పెద్ద విద్వాంసుల మధ్య కూర్చుండి ప్రశ్నించుటకు మన దేశములో ఒక వేసవి బడి కలదు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అనగా ఇస్రో, దానిని 2019లో ఆరంభించెను. యువ విజ్ఞాని కార్యక్రమము అను మాటలను కుదించి యువిక అని పేరు పెట్టిరి. అది తొమ్మిదవ తరగతి పిల్లలకు మాత్రమే. మే నెల సెలవులలో సుమారు రెండు వారములు వారికి బస, భోజనము, చదువు అన్నియు ఇస్రోవారే చూతురు. మొదటి యేట ఒక్కొక్క రాష్ట్రమునుండి ముగ్గురు చొప్పున తీసికొనిరి. 2023 నాటికి కేంద్రములు ఏడు, పిల్లలు మూడువందలకు పైగా అయిరి. వాటిలో హైదరాబాదు కేంద్రమొకటి, శ్రీహరికోట ఒకటి.

శ్రీహరికోట మనకు పరదేశము కాదు. అనకాపల్లినుండి చెన్నైకి పోవు రైలు దారిమీదనే సూళ్లూరుపేట ఉన్నది. అక్కడనుండి పులికాటు సరస్సు దాటిన ఆ దీవియే. 1971 అక్టోబరు 9న రోహిణి అను చిన్న రాకెట్టు అచ్చటనుండి మొదట లేచెను. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినదియు అచ్చటనుండియే. ఆగస్టు 23న అది చంద్రునిమీద దిగుట మీలో అనేకులు టీవీలో చూచితిరి.

ఆ బడిలో దినము ఎట్లు గడచును? అన్ని కేంద్రములలో ఒకే క్రమము ఉండదు గాని, పాఠము, ప్రయోగశాలల దర్శనము, చేతిపని, శాస్త్రజ్ఞులతో మాటలాడుట, రాత్రి నక్షత్రములను చూచుట, ఇవి ఉండును. పాఠము వినుట మన పిల్లలకు అలవాటే. చేతిపనియే కొత్త. దానికి ఒక మాదిరి చెప్పెదను, మీరును చేసి చూడవచ్చును. ఖాళీ ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీళ్లు పోసి, బిరడా గట్టిగా బిగించి, బిరడాలోనుండి సూది దూర్చి, సీసాను తలక్రిందుగా నిలిపి, సైకిలు పంపుతో గాలి కొట్టుడి. ముఖము మాత్రము దూరముగా ఉంచుకొనుడి. బిరడా ఊడగానే నీరు క్రిందికి చిమ్మును, సీసా పైకెగురును. దీపావళి తారాజువ్వయు ఇట్టిదే. తాను దేనినైనను ఎంత బలముతో క్రిందికి త్రోయునో, అంత బలముతో తాను పైకి త్రోయబడును. చంద్రునియొద్దకు పోయినదియు ఈ న్యూటను సూత్రముచేతనే.

రాకెట్టులను తూర్పు సముద్రపుటొడ్డుననే ఎందుకు నిలిపిరని ఒక బిడ్డ అడిగెననుకొనుడి. భూమి పడమటనుండి తూర్పునకు తిరుగుచున్నది. శ్రీహరికోటయొద్ద ఆ వేగము గంటకు సుమారు 1,600 కిలోమీటర్లు. పరుగెత్తు బండిలోనుండి ముందుకు విసరిన రాయికి బండి వేగమును కలిసినట్లు, తూర్పునకు విడిచిన రాకెట్టునకు ఈ వేగము ఊరకనే దొరకును. విడిపోయిన భాగములు ఊళ్లమీద గాక సముద్రములో పడును.

అన్నియు లేచినవి కావు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతములో పడిపోయెను. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాముగారు. అయితే ఇస్రో అధ్యక్షుడైన సతీశ్ ధావన్‌గారు పత్రికలవారి యెదుట తానే నిలిచి, తప్పును తనమీద వేసికొనెను. 1980 జూలై 18న అది జయమొందినప్పుడు మాత్రము మాటలాడుటకు కలాముగారిని ముందుకు పంపెను. కలాముగారే దీనిని పలుసారులు చెప్పిరి. శ్రీహరికోట కేంద్రమునకు ఇప్పుడు ధావన్‌గారి పేరున్నది.

ఈ సంగతి తలంచినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును. కొన్నియేండ్ల క్రిందట మన సంఘపు బాలిక యొకతె జిల్లా పరిషత్తు బడిలో తొమ్మిదవ తరగతి చదువుచుండగా, మాష్టారు ఈ దరఖాస్తు మాట చెప్పెను. చెఱకు కోతకు పోవు ఆమె తల్లి నాయొద్దకు వచ్చి, “ఆడపిల్లని అంత దూరం ఎవరిని నమ్మి పంపమంటారు అయ్యగారూ?” అని అడిగెను. నేను ప్రకటన చదువలేదు. చదువకయే, “నిజమేనమ్మా, పైయేడు చూద్దాంలే” అంటిని. తల్లికి ఊరట కలిగెను. గుమ్మముయొద్ద నిలిచిన ఆ పిల్ల నా ముఖము చూచి తల దించుకొనెను. పైయేడు ఆమె పదవ తరగతికి వెళ్లెను. పదవ తరగతివారిని తీసికొనరు. అడిగినవారితో, తల్లి ఒప్పుకొనలేదని నేను చెప్పుచు వచ్చితిని.

తరువాత ప్రకటన చదివితిని. రుసుము లేదు. బిడ్డకు రైలు ఖర్చు ఇత్తురు. దిగబెట్టి తిరిగి తీసికొనివచ్చుటకు తల్లికో తండ్రికో కూడ ఇత్తురు! ఎవరిని నమ్మి పంపవలెనని ఆ తల్లి అడిగినదానికి జవాబు ఆ కాగితములోనే యుండెను. ఎనిమిదవ తరగతి మార్కులు, ఆన్‌లైను ప్రశ్నల పరీక్ష, సైన్సు ప్రదర్శనలు, ఆటలు, స్కౌటు పని, వీటినిబట్టి ఎన్నుకొందురు. పంచాయతీ గ్రామపు బడిలో చదువువారికి వేరుగా మార్కులు కలవు. 2024లోను 2025లోను దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలలలో తీసికొనిరి. కాబట్టి జనవరినుండియే బడిలో విచారించుడి.

మరియ పడిన దుఃఖమును లూకా దాచలేదు. తల్లికి భయముండును. దానికి నా అజ్ఞానమును కలుపుట నా పని కాకుండెను.

ఆ బాలిక తమ్ముడు ఈ యేడు ఎనిమిదవ తరగతి. మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట చెఱువుగట్టున సీసా రాకెట్టు ఎగురవేసితిమి. రెండుసారులు బిరడా ముందే ఊడి నా చొక్కా తడిసెను. మూడవసారి అది తాటిచెట్టు మట్టలదాక పోయెను. అక్క గట్టుమీద కూర్చుండి, “నీళ్లు ఇంకొంచెం తగ్గించరా” అని చెప్పుచుండెను.