ముట్లుడిగే వయసు – మెదడు వాపు – పథ్యం

ముట్లుడిగే వయసులో మతిమరపు, నిద్రలేమి, చిరాకు కలిగితే వయోధర్మమని ఉపేక్షించరాదు. మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియాను ఈస్ట్రోజెన్ హార్మోను అదుపులో ఉంచుతుంది. అది క్షీణించినపుడు ఆ కణాలు సులభంగా రెచ్చి, పైకి కనిపించని వాపును కలిగించగలవు. పొట్టచుట్టూ పేరుకొన్న కొవ్వు దీనికి తోడై వాపును పెంచే పదార్థాలను రక్తంలోకి వదులుతుంది. ఆయుర్వేదం దృష్టిలో ఇది పిత్తకాలం నుండి వాతకాలానికి మారే సంధి.

పథ్యం: మిఠాయిలు, మైదా, నూనెలో వేయించిన పిండివంటలు తగ్గించాలి. ఆకుకూరలు, పెసలు, రోజుకొక చెంచా అవిసెగింజల పొడి తీసుకోవాలి. పప్పులో పసుపుతోబాటు మిరియాలపొడి చేర్చితే పసుపులోని కుర్కుమిన్ బాగా ఒంటబడుతుంది.

హెచ్చరిక: మతిమరపు తగ్గకున్న థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరం. హఠాత్తుగా మాట తడబడినా, అయోమయం కలిగినా వంటింటి వైద్యం కూడదు. తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.