కలబంద క్రీముకు బూజెందుకు పట్టింది?

ప్రశ్న: పెరటి కలబంద గుజ్జు, కొబ్బరినూనె గిలక్కొట్టి క్రీము చేశాను. విటమిన్ ఇ కూడా వేశాను. వారానికే విడిపోయి నల్ల చుక్కలొచ్చాయి. పైది తీసేసి వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా, మొత్తం పారేయండి. కంటికి కనబడే బూజు కొంతే. కలబంద గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. నీరున్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. విటమిన్ ఇ నూనెకు ముక్క వాసన రాకుండా చూస్తుందే తప్ప బూజును ఆపదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

విడిపోవడానికి కారణం వేరు. నీరు, నూనె కలిసుండాలంటే ఎమల్సిఫయర్ కావాలి. 100 గ్రాముల క్రీముకు డిస్టిల్డ్ వాటర్ 73, నూనె 20, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 6 గ్రాములు తీసుకోండి. నూనె, వ్యాక్స్ ఒక గిన్నెలో, నీరు మరో గిన్నెలో 70 డిగ్రీలకు వేడిచేసి కలిపి, చల్లారేదాకా తిప్పుతుండాలి. 40 డిగ్రీలకు దిగాక ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ 1 గ్రాము. అది ఎంతో కొంత పోసేది కాదు. చెంచా కొలతలు మాని 0.1 గ్రాము చూపే తూకం కొనండి.

ప్రిజర్వేటివ్ వద్దనుకుంటే నీటి జోలికే పోవద్దు. కొబ్బరినూనె నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు కరిగించి పోసుకోండి, తడి వేలు మాత్రం పెట్టకండి. మన సున్నిపిండి నిలవుండేదీ పొడిగా ఉంటుంది కనుకే. కలబందే కావాలంటే ఆకు కోసి, పసుపుపచ్చ జిగురు కారిపోయాక అప్పటికప్పుడు రాసుకోండి.