తేదీ అడిగితే ఏం చెప్పాలి

ఒంగోలు

చిట్టితల్లికి ప్రభువు పేరట అమ్మమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. అది చాలక, అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ మొదటినుంచీ చదువుకుంది. హాస్టల్లో ప్రార్థన కూడిక జరిగిందట. ఒక్కొక్కరూ లేచి తాము రక్షణ పొందిన తేదీ, వేళతో సహా సాక్ష్యం చెప్పారట. నీ వంతు వచ్చి ఒక అమ్మాయి అడిగేసరికి చెప్పడానికి తేదీ లేకపోయిందట. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదని, ఈ రాత్రి చనిపోతే పరలోకానికి వెళ్తానో లేదోనని భయంగా ఉందని రాశావు.

ముందు అన్నం తిను. ఉపవాసం వేరు, దిగులుతో కంచం ముందునుంచి లేచిపోవడం వేరు.

తేదీ ఉన్నవాళ్ళ సాక్ష్యం అబద్ధమని అమ్మమ్మ అనదు. మీ తాతయ్యకు తేదీ ఉంది. ఎండాకాలం సభల్లో ఒక రాత్రి వాక్యం విని ఇంటికొచ్చి, సారా సీసా కాలవలో పారేసి, దీపం వెలుగులో ఆ తేదీని బైబిలు మొదటి పేజీ మీద రాసుకున్నాడు. అమ్మమ్మ బైబిలు మొదటి పేజీలో వాళ్ళ నాన్న పేరు, కొన్న ఊరు తప్ప ఏమీ లేవు. ఆదివారం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకునేవారు. తాతయ్య ఏనాడూ “నీ తేదీ ఏది?” అని అడగలేదు.

పౌలుకు దమస్కు దారి ఉంది. వెలుగు, స్వరం, మూడు రోజులు చూపు లేకపోవడం. మరి తిమోతికి? అవ్వ లోయి ఉంది, తల్లి యునీకే ఉంది. పసితనంనుంచే ఆ పిల్లవాడికి లేఖనాలు తెలుసని స్వయంగా పౌలే రాశాడు. దమస్కు దారి చూసిన మనిషే తిమోతి విశ్వాసాన్ని నిష్కపటమైనదని మెచ్చుకున్నాడు. తేదీ లేదని తక్కువ చేయలేదు. నువ్వు మీ అమ్మను ఏ తేదీన నమ్మావో చెప్పగలవా? ఆ నమ్మకానికి మొదలు గుర్తులేదు కనుక అది లేదంటావా?

ఇక మన గుండ్లకమ్మ ఏటి సంగతి. చిన్నప్పుడు ఈ కథ చెప్పమని అమ్మమ్మ కొంగు పట్టుకునేదానివి. 1876 నుంచి 78 దాకా కరువు. మిషనరీ జాన్ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. పేరయ్యలాంటి బోధకులు ఎన్నో ఏళ్ళుగా పల్లెపల్లెకూ చేర్చిన మాట అప్పటికే జనంలో ఉంది. ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. దొర ఇవ్వలేదు. కూటికోసం వచ్చారన్న మాట వాళ్ళకూ సంఘానికీ మచ్చ కాకూడదని పదిహేను నెలలు ఆపాడు. తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున మార్చి మార్చి నీళ్ళలోకి దిగారు.

ఆ జనంలో ఎక్కువమంది మాదిగవాడల వాళ్ళు. తోలుపని, కూలిపని చేసేవాళ్ళు. అక్షరం చదవడం రాదు. వేదాంత ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పగలిగేవాళ్ళు కాదు. యేసయ్య తమ పాపాలు మోశాడని నమ్మారు, అంతే. ఇప్పుడు అమ్మమ్మ అడుగుతోంది, ఆలోచించు. ఆ జూలై మూడు వాళ్ళు నీళ్ళలో దిగిన తేదీ. నమ్మిన తేదీ ఏది? ఆ పదిహేను నెలల్లో, బాప్తిస్మం అడిగి, ఆగమంటే ఆగి, జ్వరమొచ్చి కాలవగట్టు మీదే కన్నుమూసిన మనిషి ఒకడున్నాడనుకో. వాణ్ణి పరలోకం గుమ్మం దగ్గర ఎవరాపుతారు? సిలువ మీద దొంగ తనను జ్ఞాపకం చేసుకోమని మాత్రమే అడిగాడు. ఆ రోజే పరదైసు దొరికింది. రక్షణ అంటే మన జ్ఞాపకశక్తి మీద ఆధారపడిందా తల్లీ, ఆయన జ్ఞాపకం మీదా?

దగ్గు తగ్గిందా? తలారా స్నానం చేసి తడిజుట్టుతో డ్యూటీకి వెళ్ళకు.

ఇంకో మాట అడగాలి. పాటలు పాడుతున్నావా? చెవుల్లో తీగలు పెట్టుకుని వినడం కాదు, నోరు తెరిచి పాడటం. మీ అమ్మ చెప్పింది, నీ కీర్తనల పుస్తకం ఇక్కడే బీరువాలో వదిలేసి వెళ్ళావట. ఫోనులో అన్నీ ఉన్నాయంటావు. ఉంటే ఉండనీ. ఫోనులో పాడేవాడు నీ బదులు నమ్మలేడు కదా! ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి గారి పాటలు ఎన్ని ఉన్నాయో చూడు. ఆయన 1803లో పుట్టి 1890 దాకా బ్రతికారు. పెద్దయ్యాక క్రీస్తును తెలుసుకున్న మనిషి. ఆయన రాసిన పాటల్ని నువ్వు మాటలు పూర్తిగా రాకముందే అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని, సగం పదాలు మింగుతూ పాడావు. అర్థం తర్వాత వచ్చింది. నమ్మకం పాటతోపాటే వచ్చింది. కూడికలో సాక్ష్యం చెప్పడానికి నీ దగ్గర ఏమీ లేదన్నావే, అది లేకపోవడమా? సాయంత్రం దీపం పెట్టాక కుటుంబ ప్రార్థనలో ఒక్క కీర్తన మానకుండా పాడిన ఇంట్లో పెరిగావు. హాస్టల్లో గదికి నలుగురున్నారు, సిగ్గేస్తుందంటావేమో. మెల్లగా పాడు. కనీసం రెండు చరణాలు. పల్లవి ఒక్కటే పాడి వదిలేయకు.

అమ్మమ్మ వాళ్ళ నాయనమ్మకు చదువు రాదు. పాస్టరుగారు నంబరు చెప్పడమే ఆలస్యం, పల్లవి ఎత్తుకునేది. ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు, పండక్కి కట్టే తెల్లచీర పెట్టెలోంచి తీసి ఉంచమంది. ఎందుకని అడిగితే, వెళ్ళేటప్పుడు పాత చీరతోనా వెళ్ళేది అంది. ఆమె మొహంలో భయం లేదు. ఆమెకూ తేదీ లేదు. శిష్యులు తోలేస్తుంటే యేసయ్య దగ్గరికి పిలిచి ఎత్తుకున్న పిల్లల్ని కూడా ఎవరూ ఏమీ అడగలేదు. రాజ్యం అలాంటివాళ్ళదేనన్నాడు.

మళ్ళీ కూడికలో అడిగితే లేచి నిలబడు. పసితనంనుంచి యేసయ్య తెలుసని, చేసిన పాపాలు ఆయన దగ్గర ఒప్పుకున్నానని, ఇవాళ కూడా ఆయన్నే నమ్ముకున్నానని చెప్పి కూర్చో. అడిగిన అమ్మాయి మీద కోపం పెట్టుకోకు. నీ ఆత్మ గురించి దిగులుపడే అడిగి ఉంటుంది. ఆ పిల్ల కూడా అమ్మానాన్నలను వదిలి వచ్చిందే కదా.

శనివారం మామయ్య హైదరాబాదు వస్తున్నాడు. సున్నుండలు, కీర్తనల పుస్తకం పంపుతున్నాం. సున్నుండలు నీ గదిలోవాళ్ళకూ, ఆ అమ్మాయికీ పెట్టు. డబ్బా మాత్రం మామయ్యతో తిరిగి పంపు, అది మీ పిన్నిది.

ఇట్లు,
అమ్మమ్మ