అవినాశి దారి

కోయంబత్తూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో అవినాశి పట్టణం ఉంది. ఇప్పుడది తిరుప్పూరు జిల్లాలో ఉన్నా, 2009కి ముందు కోయంబత్తూరు జిల్లాలోనిదే. ఈ రెండు ఊళ్లను కలిపే అవినాశి రోడ్డు పక్కన నూలు మిల్లులు, కళాశాలలు, ఆసుపత్రులు ఉన్నాయి. విజయనగర, నాయక రాజుల కాలంలో వలస వచ్చిన తెలుగువారు ఈ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్నారు. వారు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు.

1998 ఫిబ్రవరి 14, శనివారం. ఆ రోజు కోయంబత్తూరులో ఒకదాని తరువాత ఒకటిగా బాంబులు పేలాయి. ఆర్.ఎస్. పురంలో, పెద్ద బజారు వీధిలో, రైల్వే స్టేషను వద్ద, చివరకు ఆసుపత్రిలో కూడా పేలాయి. 58 మంది మరణించారు. 200 మందికి పైగా గాయపడ్డారు. అంతకు మూడు నెలల ముందు, 1997 నవంబరులో జరిగిన అల్లర్లలోనూ పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఆనాటి సంగతులను అవినాశిలో ఒక అవ్వ తన మనుమరాలికి ఇలా చెప్పింది.

"అవ్వా! ఆ రోజు తాత ఎక్కడున్నారు?"

"మీ పెద్దమ్మ పెళ్లికి చీరలు చూడాలని కోయంబత్తూరు బజారుకు పోయినారమ్మా. సాయంత్రం రేడియోలో వార్త విన్నాము. మన ఇంట్లో టెలిఫోను లేదు. బస్సులు రాలేదు. నేను వీధి చివర నిలబడి ఎదురుచూశాను. అర్ధరాత్రి దాటాక ఏదో లారీ ఎక్కి వచ్చినారు. చేతిలో సంచి లేదు. మంచినీళ్లు అడిగినారు, అంతే."

"మళ్లీ మిల్లుకు పోవడానికి భయపడలేదా?"

"భయం లేకేమి? జీతం రాకుంటే పొయ్యి ఎట్లా వెలుగుతుంది? నాలుగు రోజులకు పోయినారు. అంగళ్లు కూడా ఒక్కొక్కటిగా తెరిచినారు. కాని మనసులు అంత త్వరగా కుదుటపడలేదు. మన వీధిలో ఒక ముస్లిం దర్జీ ఉండేవాడు. ఇరవై ఏళ్లుగా మనందరి బట్టలు కుట్టినవాడు. ఆ పేలుళ్లతో ఆయనకేమీ సంబంధం లేదు. అయినా జనం ఆయన అంగడికి పోవడం మానుకున్నారు. నేను కూడా నెల రోజులు పోలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది."

"తరువాత ఏమైంది అవ్వా?"

"పెళ్లి దగ్గర పడింది. మీ తాత రవికె గుడ్డలు నా చేతికిచ్చి, 'మన కొలతలు తెలిసినవాడు ఆయనే గదా, పో' అన్నారు. పోయినాను. ఆయన ఒక్క మాటా అనలేదు. కొలతలు అడగకుండానే గుడ్డ అందుకొని పేరు రాసుకున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినాయి. పెళ్లికి వాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చినారు."

పేలుళ్ల కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం తీర్పు చెప్పింది. నేరం చేసినవారిని శిక్షించడం చట్టం పని. కొందరు చేసిన తప్పుకు వారి మతంవారినో, భాషవారినో అందరినీ దోషులుగా చూడకుండా ఉండడం మన పని. 'అవినాశి' అంటే నాశనం లేనిది అని అర్థం. కూలిన గోడలను మేస్త్రీలు తిరిగి కడతారు. ఇరుగుపొరుగుల మధ్య నమ్మకాన్ని మాత్రం మనమే నిలుపుకోవాలి.

పదాలు – అర్థాలు
దర్జీ : బట్టలు కుట్టేవాడు
కుదుటపడు : నెమ్మదించు
ఇంటిల్లిపాది : ఇంట్లోని వారందరూ

ప్రశ్నలు
1. అవ్వ ఏ విషయానికి సిగ్గుపడింది? ఎందుకు?
2. దర్జీ కొలతలు అడగకపోవడం వల్ల మనకేమి తెలుస్తుంది?
3. మీ వీధిలో వేరు భాష మాట్లాడే ఇరుగుపొరుగువారిని గురించి ఐదు వాక్యాలు రాయండి.